తొట్టికి ఇద్దరు తాతలు

ఆ ఉదయం తాళ్ల కొట్టాయన చేతిలో ఉన్న ఆస్తి చెప్పుకోవాలంటే ఇదీ: నడివీధిలో ఒక కొట్టు, దాని వెనకే ఇల్లు, గుమ్మానికి వేలాడదీయాల్సిన కొత్త తాళ్ల చుట్టలు, కొన్ని గంపలు, చీపుళ్లు, బొక్కెనలు, నోరున్న భార్య, వీధికి అవతల సరిగ్గా ఎదురుగా బట్టల కొట్టు పెట్టుకున్న తోడల్లుడు. ఈ చివరిదాన్ని ఆస్తి కింద వేసుకోవాలో అప్పు కింద వేసుకోవాలో అతనికి ఇన్నేళ్లుగా తేలలేదు.

ఆ రోజు అనుకున్న పని చాలా చిన్నది. ఎండెక్కకముందే తాళ్లు గుమ్మానికి కట్టేయడం, పొలాలకు వెళ్లే రైతుల కంట్లో అవి పడేలా చూడటం. కళ్లెదుట ఊగితే తప్ప తాడు అవసరమన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. పైగా కోతలు దగ్గరపడ్డాయి. ఈ రోజుల్లో అమ్ముకున్నదే ఆ ఇంటికి ఏడాది తిండి. రెండో చుట్ట కడుతుండగా భార్య కాఫీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టి, ఎదురు కొట్టు కేసి చూస్తూ నిలబడింది.

"ఏవండీ, బావగారి గజం బద్దకి అద్దాల పెట్టె చేయించారట."

"బద్దకి పెట్టెందుకు? పారిపోతుందా?"

"వాళ్ల తాతగారు దాంతో కొలిచి, ప్రతి ముక్కకీ నాలుగు వేళ్లు ఎక్కువిచ్చేవారట. టీచరమ్మ అట్ట మీద రాసి పెట్టింది. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయనుకోండి."

"నాలుగు వేళ్లు ఎక్కువిచ్చినాయన అంత మేడెలా కట్టాడో, అది రాయలేదా?"

"మీకు ఏడుపు."

"నాకెందుకూ ఏడుపు?" అన్నాడు కానీ, ఆ మాట అంటూ వేసిన ముడి ఎంత గట్టిగా పడిందంటే, తర్వాత దాన్ని విప్పలేక తాడే కోయాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, వీధి చివర చాలాకాలంగా తాళం వేసి ఉన్న ధాన్యం గిడ్డంగిని ఊరివాళ్లు శుభ్రం చేసి "ఊరి గది" అని పేరు పెట్టారు. ప్రతి ఇంటి నుంచి ఒక పాత వస్తువు తెచ్చి ఇవ్వాలి, దాని కథ చెప్పాలి. ఉద్యోగం నుంచి రిటైరైన టీచరమ్మ ఆ కథను అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి వస్తువు పక్కన నిలబెడుతుంది. రోకళ్లు వచ్చాయి, లాంతర్లు వచ్చాయి, ఎవరిదో పెళ్లిపెట్టె వచ్చింది. గది నడిమధ్య చోటు మాత్రం బట్టల కొట్టాయన గజం బద్దకు దక్కింది. ఆయనకు అన్నీ అలాగే దక్కుతాయి. పెళ్లిలో అక్క ఆయనకు దక్కింది, చెల్లెలు ఇతనికి. వీధిలో నీడ పక్క ఆయనకు, ఎండ పక్క ఇతనికి. చివరికి జుట్టు కూడా ఆయనకే నిలిచింది.

తాళ్ల కొట్టాయన ఇంట్లో పాత వస్తువంటూ ఒక్కటీ లేదు. ధర అడిగినవాడికి దేన్నైనా అమ్మేయడం ఆ వంశం పద్ధతి. వాళ్ల తాత ఒకసారి తాను కూర్చున్న కుర్చీని ఎవరో బాగుందంటే, మధ్యలోనే లేచి నిలబడి మిగతా బేరం నిలువుకాళ్ల మీద ముగించాడట. అలాంటి ఇంట్లో చరిత్ర ఎక్కడ నిలుస్తుంది?

కాఫీ గ్లాసు ఇంకా ఖాళీ కాకముందే టీచరమ్మ స్వయంగా వచ్చింది.

"ఏమయ్యా, వీధిలో అందరూ ఇచ్చారు. మీ ఇంటి నుంచే ఏమీ రాలేదు. మీ తోడల్లుడిని అడిగితే, 'వాడి దగ్గరేముంటుందిలెండి, పాపం' అన్నాడు."

ఆ "పాపం" అన్న మాట తాళ్ల కొట్టాయన చెవిలోంచి దిగి నేరుగా కడుపులో పడింది.

"లేకేం టీచరమ్మా? ఉంది. పెద్దదని ఇన్నాళ్లూ బయట పెట్టలేదు. రండి చూపిస్తాను," అని ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాడు. అప్పటికి అక్కడ ఏం చూపించాలో అతనికే తెలియదు.

పెరట్లో ఒక రాతి తొట్టి ఉంది. రెండేళ్ల కిందట దూరాన ఏదో మిల్లు మూసేస్తుంటే గిలకల కోసం పాత సామాను మొత్తంగా కొన్నాడు. ఈ తొట్టి అందులో కొసరుగా వచ్చింది. పట్టా కప్పిన బండిలో, అందరూ పొలాల్లో ఉన్న వేళ దిగింది కాబట్టి ఊళ్లో ఎవరూ చూడలేదు. ప్లాస్టిక్ తొట్లు వచ్చాక దాన్ని అడిగినవాడు లేడు. భార్య అందులో మట్టి పోసి కొత్తిమీర వేసుకుంది.

"ఇది మా తాతగారిది," అన్నాడు.

టీచరమ్మ తలూపింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. టీచరమ్మకు పిల్లలు పాఠం అప్పజెబుతుంటే తలూపుతూ వినడం జీవితమంతా అలవాటు. పాఠం తప్పైనా ఊపుతుంది, ఒప్పైనా ఊపుతుంది. తాళ్ల కొట్టాయనకేమో, ఎదుటివాడు తలూపాడంటే బేరం సగం తెగిందని, సరుకుకు ఇంకో మంచి గుణం చెబితే మిగతా సగమూ తెగుతుందని అలవాటు. ఆమె ఊపేకొద్దీ అతను చెప్పాడు. అతను చెప్పేకొద్దీ ఆమె ఊపింది.

"కొట్టు ముందే ఉండేదండీ అప్పట్లో. దారిన పోయే పశువులు తాగుతాయని రోజూ నింపించేవారు."

తల ఊగింది.

"ఎవరి పశువైనా సరే. డబ్బు మాటే లేదు."

మళ్లీ ఊగింది.

"ఎడ్లని, మేకలని తేడా చూసేవారు కాదు. తొట్టి దగ్గరికొచ్చిన పశువుని ఎవరూ అదిలించకూడదు, కర్ర ఎత్తకూడదు. అది తాతగారి మాట. ఆ మాట మా వంశంలో ఎవరూ దాటలేదు."

టీచరమ్మ తలూపడం ఆపి కళ్లద్దాలు తుడుచుకుంది. అప్పుడు కానీ అతనికి సరుకు అవసరానికి మించి అమ్ముడుపోయిందన్న అనుమానం రాలేదు.

"ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్లు దాచావా? దీన్ని గదిలో పెట్టకూడదయ్యా. అప్పట్లో ఉన్నచోటే ఉండాలి. తాతగారు పెట్టినట్టే మళ్లీ కొట్టు ముందు పెట్టి, రోజూ నీళ్లు పోద్దాం. మిగతావన్నీ చచ్చిన చరిత్ర, ఇది బతికున్న చరిత్ర. గది తెరిచే రోజున మొదటి కుర్చీ నీదే. నువ్వే మాట్లాడాలి."

మొదటి కుర్చీ అంటే ఇంతవరకు బట్టల కొట్టాయనది. అనుమానం ఎటు పోయిందో తెలియలేదు. ఆమె వెళ్లగానే భార్య వంటింట్లోంచి వచ్చింది.

"ఆ తొట్టి మీ తాతగారిదా?"

"నెమ్మదిగా మాట్లాడు."

"మరి నా కొత్తిమీర?"

"కొత్తిమీర కోసం తాతగారి పేరు చెడగొడతావా?" అన్నాడు. తాతగారి మీద అతనికి అంత గౌరవం కలగడం అదే మొదలు.

మధ్యాహ్నానికి పదిమంది చేరి తొట్టిని దొర్లించి కొట్టు ముందు పెట్టారు. టీచరమ్మ రాసిన అట్టను గోడకు కొట్టారు. అట్ట మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది తాతగారి మాటే: "ఇక్కడికి వచ్చిన పశువును ఎవరూ అదిలించరాదు." వీధంతా పోగై చదివింది. ఎదురు కొట్టు గుమ్మంలో బట్టల కొట్టాయన, మడిచిన తువ్వాలునే మళ్లీ విప్పి మడుస్తూ నిలబడిపోయాడు. ఆ దృశ్యం చూసిన తాళ్ల కొట్టాయనకు కడుపు ఎంత చల్లబడిందంటే, రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఆ చల్లదనం మర్నాడు పాల వేళ వరకే నిలిచింది. ముందు గేదెలొచ్చాయి, తర్వాత ఎడ్లొచ్చాయి. తాగాయి, వెళ్లాయి, వెళుతూ తమ గుర్తులు గుమ్మం ముందు వదిలాయి. అంతవరకు సర్దుకున్నాడు. పొద్దెక్కాక మేకలవాడు మందతో వచ్చాడు. మేకలు నీళ్లు ముట్టుకోలేదు. తలలెత్తి గుమ్మానికి ఊగుతున్న కొత్త తాళ్లను చూశాయి. తాడు కళ్లెదుట ఊగితే అవసరం గుర్తొస్తుందన్నది అతని సూత్రమే కదా.

"ఓయ్, నీ మేకలు తాడు నములుతున్నాయి. తోలు."

మేకలవాడు కర్రను చంకలో పెట్టుకుని వినయంగా అట్ట చూపించాడు. "నాకు చదువు రాదయ్యా. అందులో రాసింది మాత్రం అందరూ చెప్పారు. నేను కర్రెత్తితే మీ తాతగారి ఆత్మ ఏమనుకుంటుంది?"

"ఆత్మ ఏమీ అనుకోదులే, తోలు."

"మీరలాగే అంటారు. పెద్ద మనసు."

తనే అదిలిద్దామంటే వీధి నిండా జనం. పైగా ఎదురు గుమ్మంలో తోడల్లుడు. ఆయన చూస్తుండగా చెయ్యెత్తితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తాళ్ల కొట్టాయన చేతులు వెనక్కి కట్టుకుని, తన సరుకు తన కళ్లముందే నెమరుకు వెళ్లడం చిరునవ్వుతో చూశాడు. తర్వాత చీపుళ్లు పోయాయి. ఎవరిదో ముసలి ఎద్దు ఒకటి తాగడం అయ్యాక, చోటు నచ్చి, గుమ్మానికి అడ్డంగా పడుకుంది. కొనడానికొచ్చినవాళ్లు దాన్ని దాటలేక, లేపడానికి తాతగారి మాట అడ్డొచ్చి, "మళ్లీ వస్తాంలే" అని వెళ్లిపోయారు.

వెళ్లి ఎక్కడ ఆగారంటే, బట్టల కొట్టు అరుగు మీద. వెంట తెచ్చిన పశువు తాగేదాకా నిలబడాలంటే నీడ ఉన్నది అటు పక్కే. నిలబడ్డవాళ్లు ఊరికే ఉంటారా? ఒకరు తువ్వాలు తీసి చూశారు, ఒకరు లుంగీ బేరమాడారు. మూడోనాటికి అరుగు మీద ఒక బల్ల వెలిసింది.

"బావగారు బల్ల కూడా వేయించారండీ. ఎంత ముందుచూపో," అంది భార్య.

"తొట్టి నాది, పేడ నాది, మేకలు తిన్న తాళ్లు నావి. బేరం ఆయనది. ఇందులో ముందుచూపేముంది?"

"మరి మీరూ ఒక బల్ల వేయాల్సింది."

"ఎక్కడ వేయను? ఎద్దు లేస్తే కదా."

నీళ్లు పోయకపోతే పీడ పోతుందనుకుని మర్నాడు తొట్టిని ఎండబెట్టాడు. పక్కింటామె చూసి, "పాపం, ఒక్కడూ ఎంతకని మోస్తాడు," అని బిందె తెచ్చింది. సాయంత్రానికి టీచరమ్మ వీధిలో వంతులు వేసింది, రోజుకో ఇల్లు నీళ్లు పోయాలని. తొట్టి ముందుకంటే నిండుగా ఉండసాగింది. మేకల దారి మారితే బాగుండునని, "అసలు మా తాతగారు ఎడ్ల కోసమే పెట్టారేమో" అని మేకలవాడి దగ్గర ఒక మాట వదిలి చూశాడు. మేకలవాడు బాధపడి నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురూ వచ్చి, తాతగారు అలాంటి మనిషి కాదని అతనికే సర్దిచెప్పి వెళ్లారు.

అన్నిటినీ మించి, ఊళ్లోకెల్లా పెద్ద వయసు అవ్వ ఒకామె కర్ర పొడుచుకుంటూ వచ్చి తొట్టిని నిమిరింది.

"ఇక్కడే కదరా అబ్బాయ్. నేను ఇంతున్నప్పుడు మీ తాత నన్ను పిలిచి, 'దాహమేస్తోందా తల్లీ' అని దోసిట్లో నీళ్లు పోశాడు. ఆ నీళ్ల చల్లదనం ఇప్పటికీ గొంతులో ఉంది."

తాళ్ల కొట్టాయన వంగి తొట్టిలోకి చూశాడు. తాత దోసిట్లో నీళ్లు పోయడం అతని కళ్లకు కట్టింది. ఒక్క నిమిషం అతనూ నమ్మాడు. ఆ నిమిషంలోనే వెనక నుంచి ఒక పెద్ద మేకపోతు, చేపల చెరువు ఆసామి కోసం ప్రత్యేకంగా తెప్పించి పక్కన పెట్టిన లావు తాడు చుట్టను మధ్యకు కొరికేసింది.

ఆ ఆసామి వచ్చి రెండు ముక్కల తాడు చూసి, "మీకిప్పుడు వ్యాపారం మీద ధ్యాస లేదు, పుణ్యం మీద ఉంది" అని, బస్సెక్కి వేరే ఊరు వెళ్లి కొనుక్కున్నాడు. ఆయన వెనకే ఇంకొందరు రైతులు అదే దారి పట్టారు. కోతలు మొదలైపోతున్నాయి. ఇలా ఇంకో వారం గడిస్తే వచ్చే ఏడాది ఇంట్లో తినేది కూడా తాతగారి కీర్తే.

గది తెరిచే ముందురోజు పొద్దున అతను నిర్ణయించుకున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను."

భార్య అట్లకాడ పట్టుకుని తిరిగింది. "అందరి ముందూనా?"

"అందరి ముందే. తొట్టి మన తాతది కాదని చెబితే అట్ట తీసేస్తారు. అట్ట పోతే నేను మేకని అదిలించొచ్చు."

"మరి మా అక్క మొహం ఎలా చూడను? బావగారు ఏమంటారు?"

"పాపం అంటాడు. అనుకోనీ. మేకలకంటే ఆయన నయం. మాటలే అంటాడు, తాళ్లు తినడు."

మర్నాడు ఊరి గది ముందు వీధికి అడ్డంగా గుడ్డ పందిరి వేశారు. ఆ గుడ్డ బట్టల కొట్టాయనదే. ఆ సంగతి ఆయన వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. లోపల అద్దాల పెట్టెలో గజం బద్ద ఒంటరిగా పడుకుని ఉంది. జనం దాన్ని ఒక చూపు చూసి, "తొట్టి ఎటు వైపండీ?" అని అడిగి బయటికి నడుస్తున్నారు. పొరుగూరి నుంచి కూడా ఎవరో తమ ఆవును వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. మొదటి కుర్చీలో తాళ్ల కొట్టాయన, రెండో కుర్చీలో బట్టల కొట్టాయన. రెండో కుర్చీ ఆయనకు పుట్టి బుద్ధెరిగాక కొత్త. అందులో ఎలా కూర్చోవాలో తెలియనట్టు అటూ ఇటూ కదులుతున్నాడు.

టీచరమ్మ పిలిచింది. తాళ్ల కొట్టాయన లేచి, దండం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలందరికీ నమస్కారం. నేను ఒక్క ముక్క చెప్పి కూర్చుంటాను. ఆ తొట్టి మా తాతది కాదు. అది నిజానికి..."

ఇంతలో రెండో కుర్చీ చప్పుడు చేసింది. బట్టల కొట్టాయన లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"విన్నారుగా. ఇన్నాళ్లకు వాడి నోటితోనే నిజం చెప్పాడు. ఎన్ని రోజులని నోరు మూసుకుని చూస్తాను? ఆ తొట్టి వీడి తాతది కాదు. మా తాతది."

తాళ్ల కొట్టాయన నోరు తెరిచి ఉంది. అందులో మిల్లు, గిలకలు, కొసరు అన్నీ బయటికి రావడానికి వరసగా నిలబడి ఉన్నాయి. సరిగ్గా అప్పుడు అతనిలోని వ్యాపారి మేలుకున్నాడు. ఎదురుగా ఒక మనిషి లేచి నిలబడి, ఎవరూ అడగకుండా, ఆ తొట్టి నాకు కావాలంటున్నాడు. కొనేవాడు వచ్చినప్పుడు సరుకులో లోపాలు చెప్పడం ఏ కొట్టులో ఉంది? అతను నోరు మూసుకున్నాడు.

అయితే అడగ్గానే ఇచ్చేస్తే కొనేవాడికి అనుమానం వస్తుంది.

"అన్నయ్యా, మా తాతది కాదన్నాను కానీ, మీ తాతదని నేననలేదే," అన్నాడు నీరసంగా.

"నువ్వనేదేంటి? నాలుగు వేళ్లు ఎక్కువిచ్చే మనిషి, పశువులకి నీళ్లు పెట్టకుండా ఉంటాడా? ఊరంతా ఎవరిదో ఎవరికో కట్టబెడుతుంటే, తోడల్లుడివి కదా, పోనీలే అని ఊరుకున్నాను."

"మాకు అలవాటైపోయిందన్నయ్యా. పశువులు కూడా మాకు అలవాటు పడ్డాయి. ఇప్పుడు తీసుకుపోతానంటే ప్రాణం ఒప్పుకోదు."

"ప్రాణం ఒప్పుకోకపోతే న్యాయం ఒప్పుకుంటుంది. టీచరమ్మగారూ, మీరే చెప్పండి."

టీచరమ్మ తలూపింది. దాంతో బట్టల కొట్టాయనకు ధైర్యం రెట్టింపైంది. ఇంకా సందేహించేవాళ్ల కోసం అవ్వ ముందు వరసలోంచి లేచింది.

"ఇప్పుడు గుర్తొస్తోంది. నాకు దోసిట్లో నీళ్లు పోసినాయన చంకలో గజం బద్ద ఉంది."

ఇక తిరుగేముంది? జనం చప్పట్లు కొట్టారు. తాళ్ల కొట్టాయన కండువాతో కళ్లు ఒత్తుకుని, చివరి మాటగా చెయ్యెత్తాడు.

"సరే అన్నయ్యా. పట్టుకెళ్లండి. ఒక్కటే కోరిక. తొట్టి ఒక్కటే వస్తే దానికి అర్థం లేదు. తాతగారి మాట కూడా మీతోపాటే రావాలి. దగ్గరికొచ్చిన పశువుని అదిలించకూడదు."

"అది నువ్వు నాకు చెప్పాలా? అది మా తాత మాట," అన్నాడు బట్టల కొట్టాయన ఛాతీ విరిచి.

చీకటి పడేలోపు ఆయనే మనుషుల్ని పెట్టించి, దుంగలు వేయించి, తొట్టిని వీధి దాటించుకున్నాడు. అట్ట కూడా కొత్తగా రాయించాడు. తాతగారి మాటను ముందుకంటే పెద్ద అక్షరాల్లో, ఎర్రరంగుతో.

ఆ రాత్రి తాళ్ల కొట్టాయన భార్య మొహం ముడుచుకుని వడ్డించింది. "మొత్తానికి ఊరి గదిలో మన పేరు లేకుండా పోయింది. బావగారికి రెండు అట్టలు." అతనికీ మనసులో ఎక్కడో చురుక్కుమంది. అబద్ధమైనా తన తాత, అవ్వకు నీళ్లు పోసిన తాత, ఒక్క పూటలో ఎదురింటివాడైపోయాడు. పక్క మీద అటూ ఇటూ దొర్లి, పరాయివాడి తాతను చూసి తాను కుళ్లుకోవడం ఎంతవరకు న్యాయమో ఆలోచిస్తూ నిద్రపోయాడు.

మర్నాటి నుంచి పశువులు వీధి దాటాయి. ఎద్దు ఒక రోజు సందేహించి, నీడ చూసుకుని అటే పడుకుంది. మేకలకు తాళ్లకంటే బట్టల మీద రుచి ఎక్కువని ఊరివాళ్లకు అప్పుడే తెలిసింది. ముందు తువ్వాళ్లతో మొదలుపెట్టి, తర్వాత వేలాడదీసిన చీరల అంచుల దాకా వెళ్లాయి. బట్టల కొట్టాయన తలుపులు సగం మూసి, సందులోంచి బేరాలు చేస్తున్నాడు. నిన్నటిదాకా బల్ల మీద కూర్చున్నవాళ్లు పేడ దాటలేక ఇవతలికొచ్చి నిలబడుతున్నారు. గుమ్మానికి ఊగే తాళ్లు వాళ్ల కళ్లెదుటే ఉన్నాయి.

కోతల చివర్లో ఒక సాయంత్రం బట్టల కొట్టాయన వీధి దాటి వచ్చాడు. కండువాకు ఒక మూల లేదు. ఇన్నేళ్లలో ఆ కొట్టు గుమ్మం ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. లోపలికి తొంగి చూశాడు. ఊడ్చిన నేల, వరసగా గంపలు, ఎక్కడి చుట్ట అక్కడ.

"కూర్చోండి అన్నయ్యా."

ఆయన కూర్చోలేదు. ఆ నేలనే చూస్తూ ఉండిపోయాడు.

"నీకేం తమ్ముడూ," అన్నాడు చివరికి. "నీ తాత ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. హాయిగా ఉన్నావు. అన్నీ నీకే కలిసొస్తాయి."

ఆ మాట చెవిన పడ్డాక తాళ్ల కొట్టాయన ఆ రోజుకు ఇంకేమీ అమ్మలేదు. అవసరం కనిపించలేదు. తలుపులు వేస్తూ ఒకసారి మొత్తం చూసుకున్నాడు. పోయినవి కొన్ని తాళ్లు, కొన్ని చీపుళ్లు, అప్పు తెచ్చుకున్న ఒక తాత. లాభం ఒక్కటే: పెళ్లైన నాటి నుంచి తన కొట్టులో పేరుకుపోయిన కుళ్లు మొత్తం ఎదురింటికి చేరింది.

మోత కూలి కూడా వాళ్లే పెట్టుకున్నారు.